వదిన చూసిందా?

కుడి చేతి మీద ఒక సున్నా, ఎడమ చేతి మీద ఒక సున్నా. మణికట్టుకూ మోచేతికీ నడుమ, ఉంగరమంత, నీలం బాల్‌పెన్నుతో నర్సు దేవకుమారి గీసింది. కుడి సున్నాలో మందు చుక్క, ఎడమ సున్నాలో ఉత్త నీళ్ళ చుక్క. వంటింటి గడియారంలో రెండూ నలభై. మూడూ పది దాకా చూడాలి. గోకరాదు, తడి చేయరాదు, చీరకు రాయరాదు. చేతులు రెండూ ఒడిలో వెల్లకిలా పెట్టుకుని, పీట మీద, ఎవరి ముందో దోసిలి పట్టినట్టు కూర్చున్నాను. నడవలో మంచం మీద మా ఆయన, తొడ మీద కొడవలి గాటు చీము పట్టి, నాలుగో రోజు జ్వరంలో ఉన్నాడు. ఆయన చేతి మీద కూడా ఒక సున్నా ఉంది. తలుపు అవతల మా మరిది కేశవ చెప్పుల చప్పుడు గేటు దాకా పోతుంది, తిరిగి వస్తుంది. నా చేతి మీద ఏమీ పొంగకపోతే ఆయనకు నిండు సూది వేస్తారు. పొంగితే అది విషం, దేవకుమారి విషం తెచ్చిన మనిషి, ఇక జమ్మలమడుగుకు తిరిగి పోదు. కేశవ ఈ మాట గట్టిగా కూడా అనలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. "తేడా వచ్చిందంటే ఆ యమ్మ ఈన్నించి కదలదు వదినా. నేనేం జేసేది? బయట మనోళ్ళు ఊరుకోరు." బయట మనోళ్ళు పదిమంది. ఈ రోజు పోలింగు. ఊళ్ళోకి వచ్చే దారీ పోయే దారీ వాళ్ళ చేతిలోనే ఉంది, గేటు తాళంచెవి కేశవ జేబులో ఉంది.

చూడటం నాకు కొత్త కాదు. పెళ్ళయి ప్రొద్దుటూరు నుంచి పులివెందుల పక్కనున్న ఈ ఊరికి వచ్చిన మూడో రోజు, మా అత్త పప్పుగిన్నె మూత తీసి నా ముందు పెట్టి "చూడు" అంది. వంగి చూసి, "బాగుంది అత్తా" అన్నాను. ఇల్లంతా నవ్వింది. కాలేజీలో ఇదేనా చెప్పినారు అన్నారు. ఈ ఇంట్లో చూడటమంటే తినడం, తిని కాసేపు ఊరికే కూర్చోవడం, ఏమీ కాకపోతే లేచి ఆయనకు వడ్డించడం. మా మామ రాజీ విందులో మజ్జిగ తాగి ఇంటికి వచ్చేలోపు జీపులోనే పోయాడు. మజ్జిగలో మందు కలిపినారు అంటారు ఇప్పటికీ, ఆ మాట తప్ప వేరే మాట వాడరు. ఈ ఇంట్లో మందు అనే మాటకు మొదటి అర్థం అది. రెండో అర్థం గడ్డివాము వెనక గదిలో ఇసుకలో పెట్టేది, కళ్యాణదుర్గం నుంచి వచ్చిన మనిషి దాన్ని నాటుబాంబుల్లో కూరుతూ మూడు వేళ్ళు పోగొట్టుకున్నాడు. జ్వరానికి వాడేది మూడో అర్థం. మామ పోయాక అత్త చూసేది, ఆమె కళ్ళు మసకబారాక నేను. "వదిన చూసిందా?" అని కేశవ ప్రతిపూటా అడుగుతాడు, ప్రతిపూటా పనిమనిషి మున్నీ అంట్లు తోముతూ "చూసిందప్పా" అంటుంది. గండి ఆంజనేయస్వామి గుడి నుంచి తెచ్చిన వడ కూడా నేను చూశాకే. ఆయన వేడన్నం తిన్నది లేదు, సంగటి ముద్ద పైన తొక్క కట్టి గట్టిపడ్డాక తింటాడు. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను చూసి కుళ్ళుకుంటారని మున్నీ చెప్పింది. ఈ పక్క ఊళ్ళన్నిట్లో మగాడి కంటే ముందు, పొయ్యి మీద నుంచి దించిన మొదటి వేడి ముద్ద తినే పెళ్ళాన్ని నేనొక్కదాన్నేనట. పాప కడుపులో ఉన్నప్పుడు, ఇంకెవరన్నా చూస్తే బాగుంటుందేమో అని ఒక్కసారి అన్నాను. కడుపుతో ఉండేదానికి తొందరగా తెలుస్తాది అంది అత్త. ఆయన అక్కడే ఉన్నాడు, చేతులు కడుక్కుంటూ. నీళ్ళు శానా సేపు పోసుకున్నాడు.

రెండూ నలభై నాలుగు. సున్నాలు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. మధ్యలో దోమ కుట్టినంత బుడిపె, అది చుక్క ఎక్కించిన చోటు, కాసేపటికి తగ్గిపోతుందని చెప్పింది. దేవకుమారి నా ఎదురుగా బియ్యం డబ్బా మీద కూర్చుని ఉంది. తెల్ల చీర, మోచేతుల దాకా మడిచిన జాకెట్టు చేతులు, చేతికి గడియారం తప్ప ఇంకేమీ లేదు. నలభై ఏళ్ళుంటాయి. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనా సిస్టర్ అంటే, "కాదమ్మా, మందులు లెక్కపెట్టుకుంటాండా" అంది. సంచిలో ఏముందో తిరిగి తిరిగి గుర్తు చేసుకుంటుందట, అవసరం వచ్చినప్పుడు వెతుక్కోరాదని. పొద్దున జమ్మలమడుగుకు జీపు పంపి ఈమెను తెచ్చారు. ఎర్రగుంట్ల దాటాక సిమెంటు లారీ అడ్డం పెట్టి ఆయన్ను నరికిన రోజు ప్రొద్దుటూరుకు తీసుకుపోదామని నేనన్నాను. ఆసుపత్రి గేటు దగ్గర పోలీసులు ఒక పక్క, అవతలి పక్షం వాళ్ళు ఒక పక్క కాచుకుని ఉంటారని కేశవ అన్నాడు. ఊళ్ళో కట్టు కట్టే మనిషితో మూడు రోజులు నెట్టారు. నాలుగో రోజు ఆయన నన్ను అమ్మా అని పిలిచాడు. అప్పుడు తెలిసిన డాక్టరు దగ్గర చీటీ రాయించి, పెన్సిలిన్ బుడ్లు కొని, మిషన్ ఆసుపత్రిలో చదువుకున్న నర్సు అంటే చెయ్యి మంచిదని ఈమెను తెచ్చారు. తెచ్చాక గుర్తుకు వచ్చింది కేశవకు, పోయినేడు ఆ పక్షం మనిషికి కాలు విరిగితే కట్లు కట్టింది కూడా ఈమేనని. అంతటితో బుడ్డి అనుమానమైంది, నీళ్ళు అనుమానమయ్యాయి, దూది అనుమానమైంది. "ముందు నర్సమ్మను ఏసుకోమను. ఆ యమ్మ బాగుంటే అన్నకు" అన్నాడు. దేవకుమారి ముఖం ఏమీ మారలేదు. సూది ఉడకబెట్టాలి వంటిల్లు చూపించండి అని మాత్రం అంది. ఆమె తెచ్చినవి ప్యాకెట్టు చించి వాడి పారేసే సూదులు, వాటిని ఉడకబెట్టరు. ఆ సంగతి తలుపు మూసుకున్నాకే నాకు తట్టింది.

"నాకు ఈ మందు పడదమ్మా" అంది, గొంతు తగ్గించి. మొదట పనిచేసిన చిన్న నర్సింగ్ హోములో, సిరంజిలో బుడగ పోవడానికి పిస్టన్ను గాల్లోకి నొక్కేవాళ్ళట అందరూ, తుంపర్లు ముఖం మీద పడేవి, రోజుకు ఇరవైసార్లు, ఆరేళ్ళు. కొద్దికొద్దిగా ముక్కులోకి పోయి, కళ్ళలోకి పోయి, ఒళ్ళు దాన్ని గుర్తు పెట్టుకుంది. ఒక రోజు ఉత్త వాసనకే గొంతు మూసుకుపోయి బల్ల కింద పడిపోయింది. "ఇప్పుడు గుడ్డ కట్టుకుని, తొడుగులేసుకుని కలుపుతా. బుడగను బుడ్డిలోకే తోస్తా, గాల్లోకి వదలను. ఒంట్లోకి ఎక్కితే మాత్రం ఐదు నిమిషాలు. నేను పోయేది ఒక సంగతి. నేను పడిపోతే అది విషమనే గదమ్మా అనుకునేది? మీ ఆయనకు వేయనీరు. ఆయనా పోతాడు." మున్నీ చీపురు పట్టుకుని అట్లే నిలబడిపోయింది. నాకు భయం వేయలేదు, ఇది ఎంత చక్కగా కట్టిన పెట్టె అనిపించింది, ఏ వైపు తోసినా తలుపు లేదు. పడదని చెప్తే భయపడుతోంది అంటారు, వేసుకుంటే పడిపోతుంది. బయటికి పోయి, "కేశవా, ఈ ఇంట్లో చూసేదాన్ని నేను కదా, నర్సమ్మ ఎందుకు?" అన్నాను. కేశవకు అది న్యాయంగా తోచింది. అలవాటైన పద్ధతి కాబట్టి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నేను కూడా ఆలోచించలేదు, ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

రెండూ నలభై తొమ్మిది. ఆమె మందు కలపడం చూస్తున్నప్పుడు ఎన్నో ఏళ్ళ తర్వాత కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు వాసన గుర్తుకు వచ్చింది, నిజానికి అది స్పిరిట్ వాసనే. గట్టు మీద నా గిన్నెలన్నీ జరిపించి, సబ్బుతో తుడిపించి, ఉతికిన గుడ్డ పరిచింది. చేతులు మోచేతుల దాకా కడిగి, ఆరేదాకా ఊరికే నిలబడింది, తుడుచుకోలేదు. బుడ్డి చేతిలోకి తీసుకుని పేరు చదివింది, తారీఖు చదివింది, డాక్టరు చీటీ పక్కన పెట్టి మళ్ళీ చదివింది. రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, నీళ్ళు ఎక్కించి, బుడ్డిని అరచేతుల మధ్య దొర్లించింది, ఊపితే నురగ వస్తుందట. పొడి కరిగి నీళ్ళయిపోయింది, నీళ్ళకూ దానికీ తేడా తెలియదు. దాంట్లోంచి పదో వంతు తీసి మళ్ళీ నీళ్ళు, అందులోంచి పదో వంతు తీసి మళ్ళీ నీళ్ళు. ప్రతి సిరంజికీ ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద రాసింది, ఒకదాని మీద మందు, ఒకదాని మీద నీళ్ళు. రాయకుండా రెండోది ముట్టుకోలేదు. పని అయ్యాక బుడ్డిని పక్కన పెట్టే ముందు మూడోసారి పేరు చదివింది. నేను పదకొండేళ్ళుగా చూస్తున్నాను, ఒక వస్తువును అనుమానం లేకుండా మూడుసార్లు చూసే మనిషిని చూడటం ఇదే మొదటిసారి. నా గాజు గీసుకున్న చోట చర్మం ఎర్రగా కందింది చూసి, మీది ఊరికే కందే ఒళ్ళు, సూది గుచ్చినందుకు ఎర్రబడిందో మందుకు ఎర్రబడిందో తేలాలంటే రెండో చేతికి ఉత్త నీళ్ళు వేయాలి అంది. మా ల్యాబులో కూడా అట్లే చేసేవాళ్ళం అన్నాను. ఇద్దరం నవ్వాం. మున్నీ సూదిని చూసి, "ఇంతేనా! గోతాం కుట్టే దబ్బనం అనుకుంటి" అంది.

అప్పుడు దేవకుమారి ఇంకో మాట అంది, నా చెయ్యి పట్టుకుని, సూది దించుతూ, వంచిన తల ఎత్తకుండా. "ఇది మీ మరిదికి చెప్పినా ఎక్కదు. అన్నమైతే ఒకరు తింటే అందరికీ తెలుస్తాది. మందు అట్ల కాదు. మీ ఒంటికి పడితే మీకే పడినట్టు. ఆయనకు పడుతుందో లేదో మీ చెయ్యి చెప్పదు, ఆయన చెయ్యే చెప్పాల. దానికే ఆయనకూ వేస్తా." కేశవను ఎట్లనో ఒప్పించింది, చుక్క మాత్రమే, ఇద్దరికీ ఒకేసారి, నిండు సూది తర్వాత అని. ఆ మాట అప్పటి నుంచి నా లోపల తిరుగుతోంది. నా చెయ్యి ఆయన సంగతి చెప్పదు. పదకొండేళ్ళు ఈ నాలుక ఆయన నాలుక, ఈ కడుపు ఆయన కడుపుకు ముందు పెట్టిన కడుపు. దీనికి విడిగా ఏది పడుతుందో ఏది పడదో ఎవరు అడిగారు, నేనైనా అడిగానా? వంకాయ తింటే నోరు దురద పెట్టేది చిన్నప్పుడు, అమ్మ నాకు వేరే కూర చేసేది. ఇక్కడ వంకాయ తిన్నాను, దురద వస్తే చెప్పలేదు. చెప్తే ఆ పూట వండినదంతా దిబ్బలో పోసేవాళ్ళు, మున్నీని చెట్టుకు కట్టేసేవాళ్ళు. నిజంగానే ఒకసారి కట్టేశారు, నాకు ఊరికే వాంతి అయిన రోజు. అది కడుపులో పాప నిలవక పోయిన నెల. ఆ తర్వాత నాకు వాంతులు రావడం మానేశాయి, ఒంటికి కూడా భయం తెలుసు.

రెండూ యాభై ఐదు. కుడి చెయ్యి దురద. లేదు, దురద కాదు, ఆలోచిస్తే ఎక్కడైనా దురద పెడుతుంది, అరికాలు గురించి ఆలోచిస్తే అరికాలు. గడప మీద చీమలు చూస్తాను. ఏడు, ఎనిమిది. ప్రొద్దుటూరులో మా వీధి చివర బంగారం పనివాళ్ళు నల్లరాయి మీద నగను గీసి, చుక్క వేసి, గీత నిలుస్తుందా పోతుందా అని చూసేవాళ్ళు. కాలేజీ నుంచి వస్తూ నిలబడి చూసేదాన్ని. నగ ఎవరిదో వాళ్ళు తీసుకుపోతారు, రాయి అక్కడే ఉంటుంది, గీతల మీద గీతలతో. చూడకుండా ఉండలేను. చూశాను. ఎడమ సున్నాలో బుడిపె అణిగిపోయింది, ఏమీ లేదు, గీత మాత్రం ఉంది. కుడి సున్నా గీత కనిపించడం లేదు. బుడిపె గీతను దాటి బయటికి వచ్చింది, మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా, అంచులు కాళ్ళు చాపినట్టు వంకర్లు పోయి.

దేవకుమారి నా కంటే ముందే చూసినట్టుంది. లేచి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి తాకకుండా, కొంచెం సేపు చూసింది. ముఖంలో రక్తం లేదు. మున్నీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గొంతు బిగుస్తాందా?" లేదు. "పెదాలు? నాలుక?" లేదు, చేతి వరకే. సంచిలోంచి మాత్ర తీసి, దాని పేరు కూడా చదివి, ఇచ్చింది. ఇంకో చిన్న గాజుగొట్టం, గొంతు మూసుకుపోతే వేసేది, తీసి మూత విరిచి, సిరంజిలోకి ఎక్కించి, ప్లాస్టరు అంటించి, దాని మీద నా పేరు రాసి, జాకెట్టు లోపల పెట్టుకుంది. "గొంతు పట్టేసినట్టు అనిపిస్తే ఆ క్షణమే చెప్పాల. ఎవరున్నా సరే, నా సంగతి ఎట్లయినా సరే. చెప్తారు గదా?" చెప్తాను అన్నాను. చెప్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఈమె చేతిలో నేను బతికానా, నా అరుపుకు ఈమె పోయిందా, ఆ లెక్క గేటు దగ్గర ఉన్నవాళ్ళు చేస్తారు. "ఆయన చెయ్యి?" అన్నాను. నడవలోకి పోయి వచ్చింది. "శుభ్రంగా ఉంది. ఏమీ లేదు. ఆయనకు పడతాది" అంది. నాకు ఏడుపు వచ్చింది, ఎందుకో చెప్పలేను, ఆయనకు పడుతుందనా, ఆ మాట చెప్పడానికి నేను అక్కర్లేదనా.

మూడూ పదికి తలుపు తెరుచుకుంది. కేశవ గడప అవతలే నిలబడ్డాడు, వంటింట్లోకి అతను రాడు. "ఏది వదినా, చెయ్యి చూపు." కొంగు కుడి భుజం మీదుగా లాక్కుని, ఎడమ చెయ్యి చాపాను. అతనికి తెలిసింది ఒక్క చెయ్యే. ఉత్త నీళ్ళు ఎక్కించిన చర్మం మీద, చెమటకు కొంచెం చెరిగిన నీలం గీత. దీపం పట్టుకుని చూసినట్టు వంగి చూశాడు. పదకొండేళ్ళలో నేను ఈ ఇంట్లో ఆడిన మొదటి అబద్ధం అదేనేమో, దానికి నోరు కూడా విప్పలేదు. "ఏం లేదు గదా" అన్నాడు. "లేదు" అంది మున్నీ నా వెనక నుంచి, ఎప్పటిలాగే, "చూసిందప్పా."

నిండు సూది కోసం ఆమె ఆ బుడ్డితోనే మళ్ళీ అన్నీ మొదటి నుంచి చేసింది. కేశవ విసుక్కున్నాడు. చేతులు కడుగుతావు, కడిగిందే కడుగుతావు, పోలింగు అయిపోయేట్టుంది నర్సమ్మా అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. పనిలో ఉన్నప్పుడు మాట్లాడితే మొదటికొస్తానని ముందే చెప్పింది. నేను ఆయన తలవైపు నిలబడ్డాను, కుడి చెయ్యి కొంగు కింద నిప్పు పెట్టినట్టుంది, మెడ మీద కూడా ఎక్కడో మొదలైంది. మింగి చూసుకుంటున్నాను. ఉమ్మి దిగుతోంది. మళ్ళీ మింగి చూసుకుంటున్నాను. చూసుకోవడం. ఆమె సూది దించి, మెల్లగా, మెల్లగా, ఆయన ముఖం చూస్తూ నొక్కింది. మధ్యలో ఒక్కసారి తలెత్తి నన్ను చూసింది, గొంతు అని పెదవులతో అడిగింది. తల అడ్డంగా ఊపాను. అక్కడ ఆ క్షణంలో ఆయన ప్రాణం ఆమె బొటనవేలి కింద, ఆమె ప్రాణం నా గొంతులో, నా ప్రాణం ఆమె జాకెట్టు లోపల ఉన్నాయి. బయట ఎవరో జీపు హారన్ కొట్టి నవ్వారు.

ఇరవై నిమిషాలు. ఆయనకేమీ కాలేదు. కళ్ళు తెరిచి, "నీళ్ళియ్యి" అన్నాడు. కేశవ అలవాటుగా గ్లాసు నా వైపు చాపాడు. ఒక గుక్క తాగి ఇచ్చాను, గొంతు దిగాయి. అప్పుడు కేశవ దేవకుమారిని అడిగాడు, మళ్ళీ ఎప్పుడని. ఆరు గంటలకొకసారి, ఐదు రోజులు అంది. "ప్రతిసారీ కొత్త బుడ్డీనా?"

"కొత్తదే."

"అయితే ప్రతిసారీ వదిన చూస్తాది."

దేవకుమారి ఏదో అనబోయింది. ఐదు రోజులు, ఆరు గంటలకొకసారి. నా తల ఆ లెక్క చేయకముందే నా చెయ్యి కొంగు కింద నుంచి బయటికి వచ్చింది. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా ఉబ్బి, ఎర్రగా, నాది కానట్టుంది. "ఇదే బుడ్డి కేశవా. ఇదే మందు. నాకు పడలేదు. మీ అన్నకు పడింది. మందులో తేడా లేదు, ఒంట్లో ఉంది తేడా."

కేశవ చేతిని చూశాడు, దేవకుమారిని చూశాడు, నడుము దగ్గరికి చెయ్యి పోయింది. "ఇందాక చూపించిందేంది మరి?"

"నీళ్ళు. విషమైతే మీ అన్న నీళ్ళడుగుతాడా? ఆయన్నే అడుగు."

నడుము దగ్గర చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆగి, వదులై, కిందికి జారింది. దేవకుమారి ఊపిరి వదలడం వినిపించింది. ఆయన దిండు మీద తల తిప్పి నా చేతిని చూశాడు. శానా సేపు చూశాడు. పదకొండేళ్ళలో ఆ చేతిని అట్లా చూసింది లేదు, ఇప్పుడు ఏమన్నా అంటాడని నిలబడ్డాను. "పడదంటే వద్దులే నువ్వు" అన్నాడు, నీరసంగా, మంచిగానే. తర్వాత పెదాలు తడుపుకుని, "ఎవురో ఒకరు చూడాల గదా ప్రమీలా. రేపు ఇంకో నర్సు వస్తాదేమో. ఇంకో బుడ్డి వస్తాదేమో."

కేశవ కళ్ళు నడవలో నెమ్మదిగా తిరిగి వంటింటి గడప దగ్గర ఆగాయి. మున్నీ అక్కడ చేతులు తుడుచుకుంటోంది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆమె మట్టిగాజులు ఒక్కొక్కటే మోచేతి వైపు తోసుకోవడం మొదలుపెట్టింది. రెండడుగుల్లో పోయి ఆ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, సబ్బు తడితో ఉంది.

"ఇడ్సు అక్కా," అంది, "సుక్కే గదా."

రాత్రి సూది ఎన్నింటికని కేశవ అడుగుతున్నాడు. తొమ్మిదిన్నరకు అని చెప్తోంది దేవకుమారి. నేను మున్నీ చెయ్యి వదల్లేదు.